తాళంచెవికి భయపడే కార్డు

“ఐదింటికి వీణ్ణి మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. కోర్టుకి జీపులో అరగంట. కాబట్టి నాలుగున్నర దాకా నీ ఇష్టం, ఆ తరవాత నా ఇష్టం” అన్నాడు ఇన్‌స్పెక్టరు, తాళాలు బాగుచేసే ముసలాయన స్టూలును కాలితో లాక్కుని కూర్చుంటూ.

“ముందు ఆ స్టూలు మీంచి లేవండి ఇన్‌స్పెక్టరు గారూ” అంది డిటెక్టివ్.

“ఏం? విరుగుతుందా?”

“విరిగితే మీకే నష్టం. అది సాక్ష్యం.”

ఇన్‌స్పెక్టరు లేచాడు. లేవకపోతే ఊరుకోదని ఆయనకు తెలుసు. ఇద్దరూ ఒకే బ్యాచిలో ట్రైనింగయ్యారు. ఆవిడ ఆరేళ్ళకు ఉద్యోగం వదిలేసింది గానీ, పట్టుకున్నదాన్ని వదలడం మాత్రం ఈ రోజుకీ చేతకాలేదు. ‘పట్టకారు’ అని పేరు పెట్టింది ఈ ఇన్‌స్పెక్టరే. ఆవిడ మొట్టమొదట పట్టుకున్న తప్పు ఆయనదే కావడం దానికి కారణం.

పట్టకారు చేతి గడియారం చూసుకుంది. మూడూ పది. ఎదురుగా గోడ గడియారం మూడే అంటోంది.

“దాన్ని నమ్మకండి. ఎప్పుడూ పది నిమిషాలు వెనకే” అంది ఆ ఇంటి కూతురు. పట్టకారును పిలిపించింది ఆమే. నిన్నటి నుంచి ఏడ్చి ఏడ్చి కళ్ళు ఉబ్బినా, అడిగినదానికల్లా తడుముకోకుండా జవాబు చెబుతోంది. “పక్క కొట్లో గడియారాలు బాగుచేసే బాబాయ్ నాన్నకి కానుకగా ఇచ్చాడు. వారం వారం తనే వచ్చి బ్యాటరీ మారుస్తాడు. అయినా దాని నడక మారదు. గడియారాలాయన ఇచ్చిన గడియారమే టైము చూపదని నాన్న ఆయన్ని తెగ ఏడిపిస్తాడు.”

ఆ గది ఇంటికి ముందు భాగం. తాళాలాయన పనిచేసే చోటు. పొడవాటి బల్ల, బల్ల మీద తాళంచెవులు కోసే మిషను, గోడ నిండా కొక్కేలకు వేలాడే పళ్ళు లేని తాళంచెవులు. బల్ల కింద మూత లేని కంప్యూటరు ఒకటి పొట్ట తెరుచుకుని ఉంది. ఇంటికీ పక్క కొట్లకీ వైర్‌లెస్ నెట్ ఇచ్చే యాక్సెస్ పాయింటు అదే. అంగట్లో అరచేతంత డబ్బా దొరుకుతుంటే ఇదెందుకని ఎవరైనా అంటే, “కొన్నది చెడితే పారెయ్యాలి, కట్టుకున్నది చెడితే బాగుచేసుకోవచ్చు” అనేవాడట. పాత కంప్యూటరు తెచ్చి, అందులో వైర్‌లెస్ కార్డు గుచ్చి, వెనక రెండు యాంటెన్నాలు పెట్టి తన చేతులతో కట్టుకున్నాడు.

ఆ కంప్యూటరు పక్కనే నిన్న సాయంత్రం నాలుగూ ఐదుకి, పని నుంచి ఇంటికొచ్చిన కూతురికి తండ్రి బోర్లా పడి కనిపించాడు. తల వెనక దెబ్బ. పక్కనే సుత్తి. ఇప్పటికీ ఆస్పత్రిలో స్పృహ లేదు.

ఇక ఇన్‌స్పెక్టరు కేసు ఏమిటంటే, రెండు నెలల్లో నాలుగిళ్ళలో దొంగతనాలు జరిగాయి. ఒక్క తాళమూ పగల్లేదు. నాలుగిళ్ళ వాళ్ళూ ఈ బల్ల మీదే మారు తాళంచెవులు చేయించుకున్నారు. ఇక్కడ తాళంచెవులు ముట్టేవి రెండు జతల చేతులు. ఒక జత ఆస్పత్రి మంచం మీద ఉంది. రెండో జత అల్లుడిది, ఇప్పుడు బేడీల్లో ఉంది.

“ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేను పట్టాను. మామ కనిపెట్టేశాడు, అల్లుడు కొట్టాడు. అంతే కథ” అన్నాడు ఇన్‌స్పెక్టరు.

పట్టకారు అల్లుడి ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. తలుపు పక్కన నేల మీద ముడుచుకుని ఉన్నాడతను.

“నిన్న ఎన్నింటికి బయల్దేరావు?”

“మూడున్నరకి మేడమ్. ఆస్పత్రి వెనక గోడౌనుంది. దానికి కొత్త తాళం బిగించాలి.”

“చేరిందెప్పుడు?”

“మూడూ నలభై రెండు. గేటు దగ్గర పుస్తకంలో టైము రాసి సంతకం పెట్టాను. పని ముగించుకుని వచ్చేసరికి అప్పటికే మామయ్యగార్ని అంబులెన్సులో...” బేడీల చేతులతో మొహం తుడుచుకున్నాడు.

“ఆ పుస్తకం సంగతి నేను చెబుతా” అని అందుకున్నాడు ఇన్‌స్పెక్టరు. “ఇక్కణ్ణుంచి ఆస్పత్రికి మెయిన్ రోడ్డు మీద ఇరవై ఐదు నిమిషాలు. ఈయనగారు పన్నెండు నిమిషాల్లో వాలిపోయాడట!”

“కలప డిపో మధ్యలోంచి అడ్డదారుంది సార్. దుంగల సందున స్కూటరు పడుతుంది.”

“నా చెవిలో పువ్వు కూడా పడుతుంది, పెట్టు. గేటు వాచ్‌మన్ వీడి దోస్తు. టైము ఎంతంటే అంత రాస్తాడు.” ఇన్‌స్పెక్టరు జేబులోంచి మడతలు పెట్టిన కాగితాలు తీశాడు. “అబద్ధం చెప్పని సాక్షి ఇదిగో. ఏ ఫోను ఎప్పుడు చేరింది, ఎప్పుడు పోయింది అని ఆ కంప్యూటరు రాసుకుంటుంది. మధ్యాహ్నం రెండుకి వీడి ఫోను చేరింది. పోయినట్టు ఒక్క ముక్క లేదు. నాలుగూ ఒకటికి కంప్యూటరే ఆగిపోయింది. అంటే అప్పటిదాకా ఫోను ఈ ఇంట్లోనే ఉంది. ఫోను ఇక్కడుంటే మనిషెక్కడుంటాడు?”

“ఈ కాగితాలు ఎవరిచ్చారు నీకు?” ఆవిడ ‘గారు’ వదిలేసిందంటే ఆలోచనలో పడిందని అర్థం.

“వీడే. ‘కార్డు పీకేసినా రాత డిస్కులో ఉంటుంది సార్, చూడండి, నేను వెళ్ళిన టైము తెలుస్తుంది’ అని తనే డిస్కు తీసి, స్టేషన్లో కంప్యూటరుకి తగిలించి చూపించాడు. తన ఉరితాడు తనే పేనుకున్నాడు.”

పట్టకారు కాగితాలు నేల మీద పరిచింది. మూడూ ఇరవై ఆరు దగ్గర మొదలైంది ఒక వరస. ఒకే వాక్యం, మళ్ళీ అదే వాక్యం, రెండు పేజీల పొడవునా. ‘బీకన్ ఇరుక్కుపోయింది. కార్డును మళ్ళీ మొదలుపెడుతున్నాను.’ మూడూ యాభై ఎనిమిది దగ్గర ఆగింది.

“ఏంటిది?”

“ఆ పాడు ఎర్రరే మేడమ్. నెల రోజులుగా మామయ్యగార్ని నిద్రపోనివ్వలేదు” అన్నాడు అల్లుడు. “కార్డు సెకనుకి పదిసార్లు కేకేస్తూ ఉండాలి, నేనున్నా, నేనున్నా అని. ఆ కేకే బీకన్. అయితే దానికి మర్యాద ఎక్కువ. గాల్లో ఇంకెవరైనా మాట్లాడుతుంటే ఆగుతుంది. అవతలివాడు నోరు మూయకుండా వాగుతూనే ఉంటే, దీని కేక గొంతులోనే ఇరుక్కుపోతుంది. అప్పుడు ఈ లైను రాసి, తనని తాను ఆపి మళ్ళీ లేపుకుంటుంది. లేచాక మళ్ళీ అదే.”

“ఆ గొడవలో ఉండగా ఎవరి ఫోనైనా బయటికి వెళ్ళిపోతే?”

“దానికి తెలీదు. అప్పుడు దానికి కళ్ళూ ఉండవు, చెవులూ ఉండవు.”

పట్టకారు నెమ్మదిగా తల తిప్పింది. “విన్నావా? ఇతను మూడున్నరకి గుమ్మం దాటాడు. అప్పటికి నాలుగు నిమిషాల ముందే నీ సాక్షి కళ్ళు పోయాయి. మళ్ళీ కళ్ళొచ్చి లెక్క చూసుకునేలోపే ఎవరో గొంతు నొక్కేశారు.”

ఇన్‌స్పెక్టరు మొహం ఒక్క క్షణం వాడింది. ఒక్క క్షణమే. “సరే. నా సాక్షి గుడ్డిదే అనుకో. గుడ్డి సాక్షి నీకూ పనికిరాదుగా. వెళ్ళాడని ఏం రుజువు?”

అది నిజమే. కూతురు మొగుడి వంక చూసి పెదవి కొరుక్కుంది. మూడూ ఇరవై ఐదు.

పట్టకారు టార్చి తీసుకుని బల్ల కిందికి దూరింది. కంప్యూటరు లోపల కార్డు తన సీట్లోంచి సగం బయటికొచ్చి, వాలిపోయి ఉంది. దాన్ని పట్టి ఉంచాల్సిన స్క్రూ లేదు. పక్కనే సీసా మూత ఒకటి ఉంది, ఖాళీగా.

“ఈ మూతేంటమ్మా?”

“స్క్రూలు వేసుకోడానికి. నాన్న ఏది విప్పినా ముందు స్క్రూ మూతలో పడాల్సిందే. ఇల్లు తగలబడుతున్నా సరే, స్క్రూ మూతలో వేసి అప్పుడు పరిగెత్తే రకం.”

స్క్రూ మూతలో లేదు. గోడ వారగా, చెత్త మధ్యలో దొరికింది. పట్టకారు బల్ల కిందినుంచి బయటికొచ్చేసరికి జుట్టుకు సాలెగూడు, కళ్ళలో వెలుగు.

“కార్డు పీకింది ముసలాయన కాదు. ఇంకెవరో. ఎందుకు పీకారు? అది రాసింది చెరిపేద్దామని. అవునా?”

“అవును, వీడే” అన్నాడు ఇన్‌స్పెక్టరు.

“ఇందాక నువ్వేమన్నావు? కార్డు పీకేసినా రాత డిస్కులో ఉంటుందని నీకు చెప్పిందెవరు?”

ఇన్‌స్పెక్టరు అల్లుడి వైపు వేలు చూపించాడు.

“ఇతనే. ఆ సంగతి తెలిసినవాడు కార్డు ఎందుకు పీకుతాడు? డిస్కే ఎత్తుకుపోతాడు. పీకినవాడికి కంప్యూటర్ల గురించి ఓనమాలు తెలియవు. ఒక్క ముక్క ఊడదీస్తే మొత్తం చచ్చిపోతుందనుకున్నాడు.”

“లేదా తెలియనివాడిలా నటించాడు. నాకు కావలసింది మనిషి పట్టకారూ, తర్కం కాదు. ఇంకొకడు ఉంటే చూపించు. నాలుగున్నర దాకా ఆగుతానన్నాను, ఆగుతాను.”

కూతురు అలమరలోంచి నల్ల అట్ట పుస్తకం తెచ్చింది. “నాన్న రిపేరు పుస్తకం. ఇందులో ఏమైనా...”

మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో ఉంది: ఒక్కసారికి ఒక్క మార్పు. అదే మాట బల్ల ఎదుటి గోడ మీద కూడా పెయింటుతో రాసి ఉంది. తాళాలాయన పద్ధతి అది. రెండు ఒకేసారి మారిస్తే ఏ మందు పనిచేసిందో తెలియదు కాబట్టి, ఒకటి మార్చాలి, టైము రాయాలి, కూర్చుని చూడాలి. పట్టకారు పైకి చదివింది.

“‘సోమ, పదకొండూ ఇరవై. ఎర్రరు. మూడు నిమిషాలు. యాంటెన్నాలు బిగించాను. మంగళ, పదీ ఐదు. మళ్ళీ. కార్డు తీసి రబ్బరుతో తుడిచాను. బుధ. సీటు మార్చాను. లాభం లేదు. గురు. కొత్త కార్డు తెచ్చాను. కొత్త పెళ్ళికూతురిదీ పాత ఏడుపే.’”

ఇన్‌స్పెక్టరు ఫక్కున నవ్వి, నవ్వినందుకు సిగ్గుపడి దగ్గాడు.

“‘శుక్ర. తాళంచెవుల మిషను మీద అనుమానం. గిరాకీ లేనప్పుడు అరగంట ఊరికే తిప్పాను. ఎర్రరు లేదు. శని. మిషను ఆపేశాను. ఒకావిడ వచ్చి బల్ల మీద తాళంచెవి పెట్టింది. ఎర్రరు! ఆదివారం, కొట్టు మూత. రోజంతా ఎర్రరు లేదు. సోమ. ముగ్గురొచ్చారు, మూడుసార్లు ఎర్రరు.’” పట్టకారు గొంతు తగ్గింది. “కింద గీత గీసి రాశాడు. ‘ఈ కార్డుకి తాళంచెవి అంటే భయమెందుకు?’”

పట్టకారు ఆ వాక్యం కింద వేలు పెట్టి ఇంకోసారి చదువుకుంది. ఇలాంటి ప్రశ్న ఒకటి దొరికితే చాలు, ఆవిడకు ఆకలీ దప్పికా ఉండవు.

“ఇత్తడి ముక్కకి కార్డు భయపడుతుందా?”

“ఛ, భయపడదు మేడమ్” అన్నాడు అల్లుడు. “గాల్లో ఇంకేదో గట్టిగా వాగాలి. మామయ్యగారూ అదే అన్నారు. జబ్బు కార్డుది కాదురా, బయటిది, దాని నోరు ఎక్కడుందో పట్టుకుంటా అన్నారు. నిన్నటి కోసం డబ్బా ఒకటి చేసుకున్నారు.”

“ఏ డబ్బా?”

“పాలపొడి డబ్బా. పక్కన చిల్లు పెట్టి రాగితీగ దూర్చారు. యాంటెన్నా తీసేసి దాన్ని తగిలిస్తే, ఏ వైపు తిప్పితే ఆ వైపుదే వింటుంది.”

“అదా!” అన్నాడు ఇన్‌స్పెక్టరు. “చెత్త అనుకుని ఆ మూలకి తన్నాను.”

పట్టకారు ఆయన వంక చూసిన చూపు ఇక్కడ రాయడం అనవసరం. డబ్బా మూలలో సొట్టపడి దొరికింది. పుస్తకంలో ఆఖరి పేజీ తిప్పింది. నిన్నటి తేదీ.

“‘మూడూ ఇరవై ఆరు. గిరాకీ వచ్చింది, ఎర్రరు. గిరాకీ వెళ్ళింది, ఎర్రరు ఆగలేదు. మంచిదే, ఇవాళ ఉండనీ. మూడూ నలభై. డబ్బా తగిలించాను. తలుపు వైపు, తక్కువ. కిటికీ వైపు, తక్కువ. బల్ల ఎదుటి గోడ వైపు...’ అంతే. ఇక్కడితో ఆగిపోయింది.”

అందరూ గోడ వైపు చూశారు. వందల తాళంచెవులు, పెయింటుతో రాసిన మాట, పాత ఫొటో, పది నిమిషాలు వెనకబడిన గడియారం, స్విచ్చిబోర్డు. గోడ గోడలానే ఉంది.

“కార్డు పెట్టండి. కంప్యూటరు నడిపిద్దాం” అంది పట్టకారు. “ఆ ఎర్రరు మళ్ళీ రావాలి. ఇతను మన కళ్ళ ముందు బేడీల్లో ఉండగా రావాలి. వస్తే, తెప్పించేవాడు వేరే ఉన్నాడని నువ్వు ఒప్పుకోవాలి.”

“రాకపోతే?”

“నీ జీపు, నీ కోర్టు.”

డిస్కు ఇన్‌స్పెక్టరు సంచిలోనే ఉంది. అల్లుడు బేడీల చేతులతోనే దాన్ని తగిలించాడు. కార్డును సీట్లోకి నొక్కి, స్క్రూ బిగించాడు. మూడూ యాభైకి స్క్రీను వెలిగింది. కార్డు కేక మొదలుపెట్టింది. ఎర్రరు లేదు.

ఒక్కసారికి ఒక్క మార్పు. మిషను తిప్పారు. లేదు. మిషను ఆపి బల్ల మీద తాళంచెవి పెట్టారు. లేదు. కూతురు బయటికెళ్ళి, గిరాకీలా తాళంచెవుల గుత్తి పట్టుకుని లోపలికొచ్చింది. లేదు. నాలుగూ ఐదు. స్క్రీను తుడిచిన పలకలా ఉంది.

“ఇప్పుడు భయం పోయినట్టుంది దానికి” అన్నాడు ఇన్‌స్పెక్టరు. వెక్కిరింతే గానీ అందులో కాస్త జాలి కూడా ఉంది. పట్టకారుకు ఆ జాలి వెక్కిరింత కన్నా ఎక్కువ మండింది.

కూతురు మొగుడి పక్కన కూలబడింది. “ఏమండీ, రాకపోతే ఎలాగండీ...”

“వస్తుంది” అన్నాడతను. ఆ మాట నమ్మకంతో అన్నది కాదని అందరికీ తెలుస్తూనే ఉంది.

నాలుగూ పదికి గుమ్మంలో ఎవరో దగ్గారు. సన్నగా, పొడుగ్గా, నుదుటి మీద భూతద్దం పట్టీతో ఒక పెద్దమనిషి. పక్క కొట్టు గడియారాలాయన.

“ఏం తల్లీ, ఏమైనా తెలిసిందా?” అన్నాడు కూతురి తల నిమురుతూ. “ఇప్పుడే ఆస్పత్రి నుంచి వస్తున్నా. పొద్దుటి నుంచీ అక్కడే కూర్చున్నా. కన్ను తెరవలేదు. మీ మేనత్త రాత్రంతా మేలుకుంది, పాపం. ఇంటికెళ్ళి పడుకోమని నేనే పంపేశా. కానిస్టేబులు ఉన్నాడులే. కొట్టు ఒకసారి తెరిచి చూసుకుని, ఆరింటికి నేనే వెళ్ళి కూర్చుంటా.”

“నీ రుణం తీర్చుకోలేం బాబాయ్.”

గడియారాలాయన కళ్ళు బల్ల కింద వెలుగుతున్న దీపం మీద పడ్డాయి. “ఇది పాడైపోయిందన్నారే?”

“పాడైనదాన్నే బతికించారు ఈ మేడమ్‌గారు. ఏం లాభం, ఒక్క ముక్కా చెప్పట్లేదు” అన్నాడు ఇన్‌స్పెక్టరు.

ఆయన తలూపి, వెళ్ళిపోయాడు. పక్క కొట్టు షట్టరు పైకి లేచిన చప్పుడు గోడలోంచి వినిపించింది. ఇన్‌స్పెక్టరు టోపీ పెట్టుకున్నాడు. “పట్టకారూ, ఇక చాలు. కొండను తవ్వావు. కనీసం ఎలుకైనా...”

“మేడమ్!” అన్నాడు అల్లుడు.

స్క్రీను మీద ఒక లైను. దాని కింద ఇంకొకటి. ఇంకొకటి. బీకన్ ఇరుక్కుపోయింది, కార్డును మళ్ళీ మొదలుపెడుతున్నాను. బీకన్ ఇరుక్కుపోయింది. లైన్లు వర్షంలా కారిపోతున్నాయి.

నాలుగూ పద్నాలుగు.

పట్టకారు బల్ల వైపు చూసింది. మిషను ఆగి ఉంది. బల్ల మీద తాళంచెవి లేదు. మరి ఏం మారింది? ఒక్కసారికి ఒక్క మార్పు. ఈ నాలుగు నిమిషాల్లో మారిందల్లా ఒక్కటే. పక్క కొట్టు తెరుచుకుంది.

ఆవిడ చూపు గోడ మీదికి లేవబోయింది. సగంలో ఆపేసుకుంది. వారం వారం కొత్త బ్యాటరీ. అయినా పది నిమిషాలు వెనక. ఆ బ్యాటరీలను తాగుతున్నది ముళ్ళు కావు. గిరాకీ తన కొట్టు ముందునుంచి ఈ గుమ్మంలోకి నడిచినప్పుడల్లా గోడకవతల ఎవరో ఒక మీట నొక్కుతున్నారు. ఇక్కడొక కన్ను తెరుచుకుని, చూసిందంతా గాల్లో అరిచి చెబుతోంది. ఆ అరుపుకే కార్డు కేక ఇరుక్కుపోతోంది. ఒక్క చక్రం తీస్తే మొత్తం ఆగిపోయే వస్తువులతో బతుకంతా గడిపినవాడు, కార్డు పీకేస్తే కంప్యూటరు మరిచిపోతుందనుకున్నాడు.

నిన్న ముప్పై రెండు నిమిషాలు వాడు స్నేహితుణ్ణే చూస్తూ కూర్చున్నాడు. పాలపొడి డబ్బా మూతి తలుపు వైపు తిరగడం చూశాడు, కిటికీ వైపు తిరగడం చూశాడు, చివరికి తన కంట్లోకే తిరగడం చూశాడు. అప్పుడు లేచి వచ్చాడు. కూతురి అడుగుల చప్పుడు వినబడి ఉండకపోతే గడియారం కూడా పట్టుకుపోయేవాడే. ఆ తరవాత గదికి పోలీసులు తాళం వేశారు.

ఇప్పుడు మళ్ళీ చూస్తున్నాడు. చూడటమేనా, వింటున్నాడు కూడానా?

పట్టకారు బల్ల చాటున పెన్ను తీసి అరచేతిలో రాసింది: మనల్ని చూస్తున్నాడు. పైకి చూడొద్దు, మాట్లాడొద్దు. చేతిని మోకాలి దగ్గర ఉంచి కూతురికి చూపించింది. అల్లుడికి చూపించింది. ఇన్‌స్పెక్టరు వైపు తిరిగింది.

సరిగ్గా అప్పుడే ఆయన ఫోను మోగింది.

“ఏంటీ? కళ్ళు తెరిచాడా?” ఇన్‌స్పెక్టరు గొంతు మామూలుగానే వీధి చివరికి వినిపించే రకం. “మాట్లాడుతున్నాడా? గంటలో మాట్లాడతాడంటున్నారా డాక్టర్లు? భేష్! నేను కోర్టు పని చూసుకుని వచ్చి స్టేట్‌మెంటు తీసుకుంటా. నువ్వెందుకు ఇంకా అక్కడ, ముద్దాయి నా చేతిలోనే ఉన్నాడుగా. నువ్వు స్టేషనుకి వచ్చెయ్.”

పట్టకారు ఆయన బూటు మీద మడమతో తొక్కింది. ఆలస్యమైంది.

“అబ్బా! ఏంటే నీ...”

“ష్.”

స్క్రీను మీద లైన్లు ఆగిపోయాయి. నాలుగూ పదిహేడు. కార్డు హాయిగా ఊపిరి తీసుకుని, నేనున్నా, నేనున్నా అని మళ్ళీ కేకేసుకోసాగింది.

గోడకవతల షట్టరు ధడాలున కిందికి పడింది. ఆ వెంటనే స్కూటరు స్టార్టయిన చప్పుడు.

పట్టకారు ఒక్క గెంతులో బల్లెక్కి గడియారాన్ని ఊడబెరికింది. ఆరు అంకెలోని చిన్న సున్నా మధ్య గుండుసూది తలంత గాజు కన్ను. వెనక రెండు బ్యాటరీలుండాల్సిన చోట ఆరు.

“ఇదిగో నువ్వు చూపించమన్న మనిషి. ఈ బల్ల మీద పెట్టిన ప్రతి తాళంచెవి పళ్ళనూ ఇది చూసింది. నువ్వు ఇప్పుడన్న ప్రతి మాటా విన్నది” అంది. “కానిస్టేబుల్ని వెనక్కి పిలు. ఇప్పుడే!”

ఇన్‌స్పెక్టరు నంబరు నొక్కాడు. మోగింది, మోగింది, ఎత్తలేదు. ఆ పాటికి బండి మీద ఉంటాడు. కూతురు ఆస్పత్రి వార్డు నంబరు నొక్కుతోంది. “అత్తయ్య కూడా లేదు... బాబాయే పంపేశానన్నాడు... నాన్న దగ్గర ఇప్పుడు ఎవరూ లేరండీ!”

“జీపు!” అన్నాడు ఇన్‌స్పెక్టరు గుమ్మం వైపు పరిగెడుతూ.

“మెయిన్ రోడ్డు మీద ఇరవై ఐదు నిమిషాలు. నువ్వు చెప్పిందే” అంది పట్టకారు. “వాడూ ఆ రోడ్డునే పోయాడు. మనకన్నా ముందే పోయాడు.”

ఇన్‌స్పెక్టరు గుమ్మంలో ఆగిపోయాడు.

అల్లుడు లేచి నిలబడ్డాడు. వచ్చి, బేడీలున్న రెండు చేతులూ ఆయన ముందుకు చాపాడు.

“కలప డిపో దారిన పన్నెండు నిమిషాలు సార్. మీరు వెనకెక్కితే పదమూడు.”

ఇన్‌స్పెక్టరు అతని మొహంలోకి చూశాడు. ఆ తరవాత జేబులోంచి తాళంచెవి తీశాడు. కూతురి చెవి దగ్గర వార్డు ఫోను ఇంకా మోగుతూనే ఉంది.